ఎనిమిదో నవల ముగింపు

"సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. అండ్ల ఏం రాసున్నదో నాకేమెరుక మేడమ్?"

తిరుమలేష్ ఆ మాట అనేసరికి సుభద్రకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతని మీద కాదు. ఇంగ్లిషు అక్షరం రాని మనిషి చేత రెండు పేజీల ఇంగ్లిషు కాగితం మీద సంతకం పెట్టించుకుని, పాస్‌పోర్టు లాక్కుని, కూలీల డార్మిటరీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, సాయంత్రం ఆరూ నలభై విమానంలో చెన్నైకి తోలేస్తున్న వాళ్ళ మీద. ఆ కాగితం నకలు ఆమె చేతిలోనే ఉంది. బుధవారం ఉదయం రచయిత్రి కురొయివా గారితో తనకి మాటా మాటా పెరిగిందనీ, తను తోస్తే ఆవిడ వెనక మెట్ల మీంచి పడిపోయిందనీ, అయినా తను పనిచేసే ఓడల యార్డు కంపెనీ పోలీసులకి చెప్పకుండా దయతలచి ఇంటికి పంపిస్తోందనీ అందులో ఉంది.

"దయట దయ!" అంది సుభద్ర. "నువ్వు తోశావని నిజంగా నమ్మితే పోలీసులకి అప్పగించరా? టిక్కెట్టు కొనిచ్చి మరీ సాగనంపుతారా?"

తలుపు దగ్గర నిలబడ్డ, కూలీల్ని తెచ్చే ఏజెంటు మనిషి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పది నిమిషాలే అని చెప్పాను."

"పది నిమిషాలయ్యాక చెప్పు. ఇంకా నాలుగున్నాయి."

గోడ మీద గడియారం పదకొండు దాటింది. విమానానికి ఏడున్నర గంటలు.

సుభద్రకి నలభై నాలుగేళ్ళు. తాత శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాడు. ఆమె పుట్టింది, చదివింది, పెళ్ళి చేసుకుని విడిపోయింది అన్నీ సింగపూర్‌లోనే. పన్నెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో ప్రమాదాల మీద విచారణ చేసి, ఆ తరవాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టింది. నిన్న సాయంత్రం ఆమె ఆఫీసుకి నిఖిల వచ్చింది. రాజమండ్రి పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో జపనీస్ సాహిత్యం మీద పరిశోధన చేస్తూ కురొయివా గారి దగ్గర అనువాదకురాలిగా పనిచేస్తోంది. "ఆంటీ, తిరుమలేష్ ఏ పాపం ఎరగడు. వాణ్ణి పంపించేస్తున్నారు, ఆపండి" అని చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"బుధవారం పొద్దున్న ఎన్నింటికి వెళ్ళావు?" అడిగింది సుభద్ర.

"తొమ్మిది మీద అయిదు. నైట్ షిఫ్టు దిగి సీదా పోయిన. ప్రతి బుధవారం గంతే. ఆమె అడుగుతది, నేను చెప్త, నిఖిలమ్మ టేపు రికార్డర్ పెట్టుకొని నడిమిట్ల కూసొని జపాన్ మాటల చెప్తది. మొన్న నిఖిలమ్మ రాలే."

"ఏం చెప్పేవాడివి?"

"వీరాస్వామి ముచ్చట." తిరుమలేష్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మాదొక్కటే ఊరు. నాలుగేండ్ల కింద ఓడ ట్యాంకుల వెల్డింగుకు దింపిన్రు. గాలి చూడలే, ఎవ్వడూ పైన కావలి లేడు. రెండు గంటలకు తీసిన్రు పీనుగను. తాగి దిగిండని రాసుకున్నరు మేడమ్. చాయ తప్ప ముట్టనోడు వాడు! నేను చూసిన అంటె, నీ పర్మిట్ ఉండాల్నా వద్దా అన్నరు. నోరు మూసుకున్న. గీ ముసలామె వచ్చి అడిగేదాంక నన్నెవ్వడూ అడగలే."

"మొన్న ఆవిడ ఎలా ఉంది?"

"మస్తు కోపంగ. చేతుల ఏదో కాయిదం. ఎర్ర ముద్ర ఉండె దాని మీద. ఫోన్ల ఎవరినో జపాన్ మాటల తిడుతున్నది. నన్ను చూసి ‘టుమారో, టుమారో’ అన్నది. పది నిమిషాలు గూడ లేను. తొమ్మిదింబావుకు కిందికొచ్చి మిషను కుట్టే కోటేశ్వరి అమ్మ తాన నీళ్ళు తాగి బస్సెక్కిన."

తొమ్మిదీ అయిదుకే ఆవిడ చేతిలో కాగితం ఉంది. ఆ ఒక్క ముక్కా సుభద్ర పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది.

సెట్సుకో కురొయివా పేరు సుభద్రకి మొన్నటిదాకా సినిమా పోస్టర్ మీద మూలన కనిపించే పేరు. నిఖిల చెప్పాకే మిగతాది తెలిసింది. ఉత్తర జపాన్‌లో ఒక రేవు పట్నంలో పుట్టింది. పద్నాలుగేళ్ళు ఓడల ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టు. ప్రమాదాల నివేదికలు టైపు చేసీ చేసీ, అందులో రాయకుండా వదిలేసిన సంగతులతో ముప్ఫై అయిదో ఏట మొదటి నవల రాసింది. సాయంకాలం పత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఏడాది తిరక్కుండా సినిమా అయింది. ఆ సినిమా మొదటిరోజే హాల్లో కూర్చుని చూసింది. తన పుస్తకంలో కోర్టు బోనెక్కి నిజం చెప్పిన ఆడది, తెర మీద వానలో తడిసి చచ్చిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. తరవాత ఇంకో ఆరు నవలలు, మూడు సినిమాలు, మూడు టీవీ సీరియళ్ళు. అన్నిట్లోనూ ముగింపు మారింది. దోషి ఆత్మహత్య చేసుకున్నాడు, లేదా పిచ్చివాడైపోయాడు, లేదా అసలు దోషే లేడు. పేరొచ్చింది, పుస్తకాల అట్టల మీద తారల ఫొటోలొచ్చాయి, ఆవిడ నోరు మాత్రం లేవలేదు.

అరవై ఒకటో ఏట ఇంగ్లిషు పేపర్లో రెండు లైన్ల వార్త చూసి, రెండు పెట్టెలతో సింగపూర్ వచ్చేసింది. ఓడ ట్యాంకులో కూలీ మృతి. ఆ కూలీ వీరాస్వామి. రెండేళ్ళ శ్రమ ఎనిమిదో నవల. ఈసారి సినిమావాళ్ళతో రాసుకున్న ఒప్పందంలో ఒక్క షరతు పెట్టింది: ముగింపులో యార్డు మేనేజరు జైలుకి వెళ్తాడు. తన ముద్ర వేసిన కాగితం లేకుండా దాన్ని ఎవరూ మార్చకూడదు.

ఆవిడ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. ఆ ముద్ర వేసిన కాగితం మాత్రం సినిమావాళ్ళ చేతిలో ఉంది.

*

తంజోంగ్ పగార్‌లో ఆ పాత షాప్‌హౌస్ ముందు టాక్సీ దిగేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలుంది. కింద కోటేశ్వరి కుట్టుమిషను దుకాణం. పైన కురొయివా రాసుకునే గది. ముందు మెట్లు దుకాణం పక్కనుంచే వెళ్తాయి. కోటేశ్వరి కంటపడకుండా పిల్లి కూడా ఎక్కలేదు. వెనక సందులోకి మాత్రం ఇనప చుట్టు మెట్లున్నాయి. కురొయివా పడింది అక్కడే.

"ఏటే సుభద్రా, ఎండన పడి వచ్చీసినావు?" డెబ్బయ్యేళ్ళ కోటేశ్వరి మిషను ఆపింది. "ఆ టై కట్టుకున్నోడు పైనున్నాడు. పొద్దున్నించి నాలుగుసార్లు ఎక్కీ దిగీ... నన్నో మాటడిగిన పాపాన పోలేదు."

"నేను అడుగుతాను పెద్దమ్మా. బుధవారం కురొయివా గారు ఎప్పుడొచ్చారు?"

"ఎప్పట్లాగే ఎనిమిదికి. ఇక్కడే కూకుని నాతో కోపి తాగుతాది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. అయినా ఊరుకోదు, బొత్తాలు కుట్టి ఇస్తాది. మొన్న ఆరు కుట్టింది. తొమ్మిది కొట్టాక పైకెళ్ళింది."

"ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఒక్కసారైనా పైకెళ్ళిందా?"

"ఎళ్ళలేదు. నా ఎదురుగానే ఉంది."

"తిరుమలేష్?"

"ఇలాగ ఎక్కి అలాగ దిగినాడు. నీళ్ళడిగితే ఇచ్చాను. ఆడు ఎళ్ళాక నాను ఇస్త్రీ ఎట్టుకున్నాను. పైన టక టక మని చెక్క చెప్పులేసుకుని అటూ ఇటూ తిరుగుతానే ఉంది ముసల్ది. పోస్టుమాన్ వచ్చినప్పుడు కూడా ఇనిపించింది. ఏటో కోపం మీదుంది పాపం అనుకున్నాను."

"పోస్టుమాన్ ఎప్పుడొచ్చాడు?"

కోటేశ్వరి కత్తెర కింద నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం కవరు తీసింది. దానికి అంటించిన చీటీ మీద తేదీ, టైము వేసి ఉన్నాయి. తొమ్మిదీ నలభై అయిదు.

తిరుమలేష్ వెళ్ళిన అరగంట తరవాత కూడా కురొయివా తన కాళ్ళ మీద తాను తిరుగుతోంది. ఈ ముక్క ఒక్క ప్రశ్నతో తెలిసేది. ఆ ఒక్క ప్రశ్నా అడగకుండా ఒక మనిషి బతుకు మీద రిపోర్టు రాసేశాడు పైనున్న ఆ టై మనిషి, సినిమావాళ్ళు పెట్టుకున్న డిటెక్టివ్ కేశవరావు! సుభద్ర మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

*

"రావమ్మా రా, ఇన్సూరెన్సు గుమస్తా!" కేశవరావు కుర్చీలోంచి లేవలేదు. హైదరాబాద్ పోలీసుల్లో డీఎస్పీగా రిటైరయ్యాడు. కొడుకు దగ్గరికొచ్చి ఇక్కడ సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. ఏడాదిలో సుభద్ర క్లయింట్లని ముగ్గుర్ని ఎగరేసుకుపోయాడు. "కేసు అయిపోయాక వచ్చావే?"

"కేసు అవలేదు. మీరు అవగొట్టారు. పోలీసులకి కాలు జారి పడిందని చెప్పారు. తిరుమలేష్‌కి నువ్వే తోశావని చెప్పారు. ఈ రెండిట్లో ఏది అబద్ధం కేశవరావు గారూ?"

"పోలీసులకి చెప్పింది నేను కాదు, గోపీకృష్ణ. చాంగీ బిజినెస్ పార్క్‌లో మూడంతస్తుల కంపెనీ ఉన్నవాడు, సినిమాలో భాగస్వామి. పదీ పదికి ఆవిణ్ణి కలవడానికొచ్చి సందులో పడి ఉంటే చూశాడు, పదీ ఇరవైకి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఎందుకు పడిందో తేల్చమని నన్ను పెట్టుకున్నాడు. తేల్చాను."

"ఆయన కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనేది ఎవరో తేల్చారా? వీరాస్వామి చచ్చిపోయిన ఓడల యార్డు. ఆ యార్డు మేనేజరు తెర మీద జైలుకి వెళ్తే ఆయనకి ఏమవుతుందో తేల్చారా?"

కేశవరావు మొహం గంటు పెట్టుకున్నాడు. టేబులు మీదకి ఒక కాగితం విసిరాడు. "కథలొద్దు. ఇది చూడు. ఆవిడ కంప్యూటర్లో ఫైళ్ళ పట్టిక. ‘ముగింపు మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నాను’ అనే ఉత్తరం బుధవారం తొమ్మిదీ ఇరవై అయిదుకి తయారైంది. అంటే ఏమిటి? ఆ కుర్రాడు చెప్పిందంతా కట్టుకథ అని ఆవిడకి తెలిసిపోయింది. మనసు మార్చుకుని ఉత్తరం టైపు చేసింది. వాడికి మండింది. తోశాడు."

"వాడు తొమ్మిదింబావుకే దిగిపోయాడు. కింద కోటేశ్వరి చూసింది. తొమ్మిదీ నలభై అయిదుకి ఆవిడ చెప్పుల చప్పుడు వింది. పోస్టు చీటీ ఉంది. అడిగారా మీరు?"

"ముసలిదాని మాట..."

"ముసలిది! మొన్న ఆవిడకి ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి. ముప్ఫయ్యేళ్ళ పోలీసు ఉద్యోగంలో ఇదేనా నేర్చుకున్నారు, గుమ్మంలో ఉన్న సాక్షిని దాటుకుని మెట్లెక్కడం?"

"నోరు అదుపులో పెట్టుకో!" కేశవరావు లేచాడు.

"పెట్టుకోను. సాయంత్రానికి వాడు విమానమెక్కితే వీరాస్వామి చావుకి సాక్షి అనేవాడు ఈ దేశంలో మిగలడు. అదే కావాలి వాళ్ళకి. మీ సంతకంతో చేయిస్తున్నారు ఆ పని."

ఆమె అతణ్ణి తప్పించుకుని గది అంతా చూసింది. ప్రింటరు. బల్ల సొరుగులో వేలంత ముద్ర, ఎర్ర సిరా డబ్బీ. జపాన్‌వాళ్ళకి సంతకం కన్నా అదే ఎక్కువ. సొరుగుకి తాళం లేదు. వెనక తలుపు లోపల్నించి గడియతో తెరుచుకుంటుంది, లాగితే దానంతటదే తాళం పడుతుంది, బయటినుంచి తాళంచెవి లేందే రాదు. తెరిచి చూసింది. పంతొమ్మిది ఇనప మెట్లు. కురొయివా చేతిసంచీ ఇంకా కుర్చీకి వేలాడుతోంది, ఆవిడ తాళంచెవి అందులోనే ఉంది.

"ముందు మెట్ల మీంచి తిరుమలేష్ తరవాత ఎవరూ దిగలేదు" అంది సుభద్ర. "అంటే తోసినవాళ్ళు వెనకనుంచే వచ్చారు, వెనకనుంచే వెళ్ళారు. కింద పడి ఉన్న మనిషిని దాటుకుంటూ వెళ్ళారు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

కేశవరావు తలుపు గడియ పట్టుకుని చూస్తున్నాడు. సుభద్ర బల్ల మీది ల్యాప్‌టాప్ మూత తెరిచింది. తెర వెలిగింది. జపనీస్ అక్షరాల వరసలు. ఒక్క ముక్క చదవలేకపోయింది కానీ అంకెలు అంకెలే. ఒక మూల ఉన్న అంకెల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"కేశవరావు గారూ, మీ గడియారంలో టైమెంత?"

"పన్నెండూ ఇరవై. ఏం?"

"ఇందులో చూడండి."

అతను వంగి చూశాడు. ఒంటిగంటా ఇరవై.

అతనిలోని పాత పోలీసు ఆమెకన్నా ముందే లెక్క కట్టేశాడని అతని మొహమే చెప్పింది.

"టోక్యో టైము" అంది సుభద్ర. "మనకన్నా ఒక గంట ముందు. ఇరవై అయిదేళ్ళుగా టోక్యో పత్రికలకి వాయిదా తప్పకుండా కాపీ పంపిన మనిషి. నాలుగేళ్ళు ఇక్కడున్నా గడియారం మార్చలేదు. మీ తొమ్మిదీ ఇరవై అయిదు నిజానికి ఎనిమిదీ ఇరవై అయిదు. ఆ టైముకి ఆవిడ కింద కూర్చుని బొత్తాలు కుడుతోంది. ఆ ఉత్తరం ఆవిడ టైపు చేయలేదు. ఎవరో చేశారు, ముద్ర కొట్టారు, రెండో ప్రతి మర్చిపోయి పోయారు. తొమ్మిదింటికి ఆవిడ పైకొచ్చి అది చూసింది. అందుకే తిరుమలేష్ వచ్చేసరికి ఫోన్లో తిడుతోంది."

కేశవరావు కుర్చీలో కూలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నా చేత అబద్ధం రాయించాడా వాడు? నా చేత!"

"జపనీస్‌లో ఉత్తరం మీరు రాయగలరా?"

"నాకు ‘సయొనారా’ దాకే వచ్చు."

"గోపీకృష్ణకి?"

"అది కూడా రాదు."

"ఈ ఫైళ్ళ పట్టిక మీకెవరిచ్చారు?"

కేశవరావు తలెత్తి సుభద్రని చూశాడు. ఆ చూపులో మొదటిసారిగా వెటకారం లేదు. "నిఖిల. గోపీకృష్ణ పంపితే వచ్చి తీసిచ్చింది. రెండో తాళంచెవి కూడా..." గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల దగ్గరే ఉంది."

చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చిన పిల్ల. ఆంటీ, వాణ్ణి కాపాడండి. సుభద్రకి ఈసారి వచ్చిన కోపంలో సిగ్గు కూడా కలిసింది. ఇన్సూరెన్సులో మొదటి పాఠం, ఫిర్యాదు తెచ్చినవాళ్ళని ముందు అడగాలి. ఆ ఏడుపు చూసి అడగలేదు.

"ముందు విమానం సంగతి చూడండి" అంది.

కేశవరావు హ్యాండ్‌ఫోన్ తీసి ఏజెంటుతో మాట్లాడిన మాటలు కింద కోటేశ్వరికి కూడా వినిపించి ఉంటాయి. తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాననీ, తిరుమలేష్‌ని గేటు దాటిస్తే ఊచలు లెక్కపెట్టిస్తాననీ చెప్పాడు. సుభద్ర పోలీసు స్టేషన్‌కి చేసింది. ఇన్‌స్పెక్టర్ మొత్తం విని, సాక్షిని ఆపుతామనీ, మనిషిని ఇప్పుడే పంపుతున్నామనీ అన్నాడు. ఒంటిగంట కల్లా తిరుమలేష్ పాస్‌పోర్టుతో సహా స్టేషన్‌లో ఉన్నాడు.

"నేనూ వస్తాను" అన్నాడు కేశవరావు కోటు అందుకుంటూ. సుభద్ర కాదనలేదు.

*

ఆసుపత్రి నాలుగో అంతస్తు వరండాలో నిఖిల ఒక్కతే కూర్చుని ఉంది. సుభద్రని చూసి లేచింది, వెనక కేశవరావుని చూసి మళ్ళీ కూర్చుంది.

"ఎనిమిదీ ఇరవై అయిదు" అంది సుభద్ర, నిలబడే. "తొమ్మిదీ ఇరవై అయిదు కాదు. ఆ గడియారం సంగతి నీకు తెలుసు. తెలిసే పట్టిక ఇచ్చావు."

నిఖిల మొహం తెల్లబోయింది. కానీ బుకాయించలేదు. "టైపు చేసింది నేనే ఆంటీ."

"ఎందుకు?"

"ఆయన తెర మీద నా పేరు వేస్తానన్నాడు. స్క్రీన్‌ప్లే, నిఖిల అని." ఆ మాట పైకి అన్నాక అదెంత చిన్నదో తనకే వినిపించినట్టు తలదించుకుంది. "నాలుగేళ్ళు ఆంటీ. రెండు నవలలు ఇంగ్లిషులోకి నేను తెచ్చాను. పుస్తకంలో నా పేరు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి. సెన్సేయ్ సెన్సేయ్ అని గురువులా కొలిచాను, ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు పబ్లిషర్లని, ఈ పిల్ల పేరు అట్ట మీద వెయ్యండి అని. ఏడు ముగింపులు మార్చనిచ్చింది కదా, ఎనిమిదోది మారితే ఆకాశం ఊడిపడుతుందా అనుకున్నాను."

"ఆ ఏడూ కాగితం మీద మనుషులు. ఎనిమిదో మనిషి పేరు వీరాస్వామి!" సుభద్ర గొంతుకి అటు పోతున్న నర్సు వెనక్కి తిరిగింది. "ప్రతి బుధవారం ఆ కుర్రాడి పక్కన కూర్చుని ఆ చావు కథ నీ నోటితో నువ్వే చెప్పావు. వాడి కళ్ళల్లోకి చూశావు. అతను తాగి చచ్చాడని సినిమాలో చూపించుకోవడానికి నీ చేత్తో అనుమతి రాసిచ్చావా?"

"తిరుమలేష్ మీదకి వస్తుందని నాకు తెలీదు. ఉత్తరం ఆవిడే రాసిందని నమ్మిస్తే చాలనుకున్నాను. ఈయన దాన్ని పట్టుకుని వాడు తోశాడని రాస్తారని అనుకోలేదు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

"మరి తోసిందెవరు?" కేశవరావు ముందుకి వంగాడు.

నిఖిల అరచేతులు చూసుకుంది. "తాళంచెవి మంగళవారమే గోపీకృష్ణకి ఇచ్చేశాను. ఆయన పదీ పదికి వచ్చానని చెప్తున్నాడు. అంతకుముందే వచ్చాడేమో. నాకు తెలీదు."

"మంగళవారమే ఇచ్చేస్తే బుధవారం ఎనిమిదింటికి లోపలికి ఎలా వెళ్ళావు?"

"ఆయనే వచ్చి తలుపు తీశాడు."

జవాబు చటుక్కున వచ్చింది. కేశవరావు అప్పుడే జేబులోంచి ఫోన్ తీశాడు. "వీణ్ణి వదలను. ఇప్పుడే వాళ్ళ ఆఫీసుకి..."

అదే సమయానికి వార్డు తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చాడు. కురొయివాకి గంట క్రితం స్పృహ వచ్చింది. ఏదో చెప్పాలని తహతహలాడుతోంది, జపనీస్ తప్ప ఏదీ నోట రావడం లేదు. మెదడులో రక్తం మళ్ళీ చేరుతోంది, అరగంటలో ఆపరేషనుకి తీసుకెళ్ళాలి. తరవాత మాట ఉంటుందో ఉండదో తను చెప్పలేడు. ఆసుపత్రి పిలిపించిన దుబాసీ నాలుగింటికి గానీ రాడు.

డాక్టరు నిఖిలని చూశాడు. "మీరు ఆవిడ ట్రాన్స్‌లేటర్ కదా?"

"వద్దు" అన్నాడు కేశవరావు సుభద్ర చెవిలో. "ఆ పిల్ల నోటికొచ్చింది చెప్తుంది. మనకి తెలిసేడుస్తుందా?"

"నాలుగు దాకా ఆగితే ఆవిడే ఉండకపోవచ్చు." సుభద్ర నిఖిల భుజం పట్టుకుని లేపింది. పట్టు గట్టిగానే పడింది. "రా. నీ టేపు రికార్డర్ ఉంది కదా, బుధవారాలు వాడేది? ఆన్ చెయ్. ఆవిడ మాటా నీ మాటా రెండూ అందులో ఉంటాయి. నాలుగింటికి దుబాసీ వింటాడు."

గదిలో కురొయివా తల నిండా కట్టు. దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నంత చిన్నగా ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ముందు సుభద్రని చూశాయి, తరవాత కేశవరావుని. నిఖిల మీద ఆగి ఇక కదల్లేదు.

నిఖిల సంచీలోంచి రికార్డర్ తీసి మంచం మీద పెట్టింది. మీట నొక్కడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

"అడుగు" అంది సుభద్ర. "ఎవరు తోశారని."

నిఖిల అడిగింది. జపనీస్‌లో అడిగినా ఆ గొంతు రెండుచోట్ల విరిగింది. కురొయివా ఊపిరి తీసుకుంది. ఆ తరవాత నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, చాలాసేపు మాట్లాడింది. కోపంగా లేదు. నోట్సు రాయించేటప్పటి గొంతులా ఉంది. మాటల మధ్యలో ఒకచోట సుభద్రకి పేరులాంటిది వినిపించింది. నిఖిరా.

ముసలావిడ చెప్పడం ఆపింది. టేపు తిరుగుతూనే ఉంది.

"ఏమంది?" కేశవరావు అసహనంగా అడిగాడు. "గోపీకృష్ణేనా?"

నిఖిల చూపు కురొయివా మీదుంది. ముసలావిడ కూడా ఆమెనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"చెప్పు నిఖిలా" అంది సుభద్ర.

"చెప్తాను." నిఖిల చేతులు రెండూ మంచం అంచుని పట్టుకున్నాయి. బుధవారాలు తిరుమలేష్ మాటలు చెప్పేటప్పుడు ఎలా కూర్చునేదో అలాగే వెన్ను నిటారుగా పెట్టుకుంది. "‘ఉత్తరం చూడగానే ఎవరు రాశారో తెలిసిపోయింది. నా శైలిలో ఒక్క తప్పు లేకుండా రాయగలిగేది ఆ ఒక్కతే. ఫోన్ చేసి తిట్టాను. పదికి పది నిమిషాలుండగా వెనక మెట్లెక్కి వచ్చింది. కాగితం ఇచ్చెయ్యమంది. ఇవ్వను, పోలీసులకి చూపిస్తాను అన్నాను. తలుపు తీసి, పో బయటికి అన్నాను. కాగితం లాక్కుంది. నేను పట్టు వదల్లేదు. అప్పుడు నన్ను తోసింది. పడుతూ ఆమె మొహం చూశాను.’"

ఆగింది. పెదాలు తడుపుకుంది. కేశవరావు చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది.

"పేరు చెప్పింది కదా" అంది సుభద్ర. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎవరు?"

"‘నన్ను తోసింది’" నిఖిల ఒక్కొక్క మాటా స్పష్టంగా పలికింది, టేపుకి వినబడేలా, "‘ఇప్పుడు నా మాటలు మీకు చెప్తున్న ఈ అమ్మాయి.’"